రబ్బరు చేపను తిన్నగా గుచ్చడం, అల దాటించడం: నా అనుభవం

న్యూజెర్సీలో అక్టోబరు, నవంబరు నెలలొస్తే శాండ్ ఈల్ అనే పుల్లల్లాంటి సన్న చేపలు గుంపులుగా ఒడ్డు దగ్గరికి చేరతాయి. వాటిని తినడానికి వెనకే స్ట్రైపర్లు (ఒంటి మీద చారలుండే పెద్ద చేపలు) వస్తాయి. ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్ ఇసుకలో నిలబడి వీటికి గాలం వేసేటప్పుడు నేను ఎక్కువగా వాడేది 5 అంగుళాల మెత్తటి ప్లాస్టిక్ ఎర, తెడ్డు తోక ఉన్న రకం. కొత్తవాళ్లు ఏ రంగు కొనాలా అని తెగ ఆలోచిస్తారు. నా లెక్కలో రంగు తర్వాతి మాట. ఎర తిన్నగా గుచ్చారా లేదా అన్నదే ముందు చూడాలి.

సరంజామా సంగతి టూకీగా చెబుతాను. 9 అడుగుల రాడ్డు, 5000 సైజు స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం. దాని చివర 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడరు (ఎరకు ముందు కట్టే పారదర్శకమైన దారం ముక్క) 30 అంగుళాలు. అంతకంటే పొడవైతే విసిరేటప్పుడు ముడి రాడ్డు కొస రింగులో తట్టుకుంటుంది. రెండు దారాలనూ ఎఫ్‌జీ ముడితో కలుపుతాను. చలికి వేళ్లు కొంకర్లు పోయిన రోజున డబుల్ యూనీ అనే సులువైన ముడే దిక్కు. ఏ ముడైనా ఉమ్మితో తడిపి బిగించాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి లీడరు బలం తగ్గుతుంది. జిగ్ హెడ్డుకు (సీసం తల ఉన్న కొక్కేనికి) మాత్రం చిన్న ఉచ్చు వదిలే ముడి వేస్తాను, ఎర తల స్వేచ్ఛగా ఊగడానికి.

ఇక గుచ్చడం. ముందు జిగ్ హెడ్డును ఎర పక్కన ఆనించి, కొక్కెం వంపు ఎక్కడికొస్తుందో చూసి అక్కడ గోటితో గుర్తు పెట్టాలి. కొన మూతి మధ్యలో దిగాలి. ఎర వీపు మీద అచ్చు అతుకు సన్న గీతలా కనిపిస్తుంది, అదే మనకు దారి. కొక్కేన్ని తోయకుండా, లంగా బొందు ఎక్కించినట్టు ప్లాస్టిక్‌నే కొద్దికొద్దిగా కొక్కెం మీదికి జరుపుతూ, గుర్తు దగ్గర కొన బయటికి తీయాలి. గుర్తుకు ముందే తీస్తే ఎర సాగి నాలుగు విసుర్లకే మూతి చిరుగుతుంది, దాటాక తీస్తే పొట్ట ముడతలు పడుతుంది. గీతకు పక్కగా వచ్చిందా, నీళ్లలో బొంగరమే! దారం మెలికలు పడి, ఆ మెలికలే తర్వాతి విసురులో చిక్కుముడులవుతాయి. బద్ధకించకుండా తీసి మళ్లీ గుచ్చండి. సీసం మెడ దగ్గర ఒక్క చుక్క సూపర్ గ్లూ వేస్తే ఎర జారదు. మొదటి విసురుకు ముందు కాళ్ల దగ్గరి నీళ్లలో లాగి చూస్తాను: వీపు పైకే ఉండాలి, తోక కొట్టుకోవాలి.

బరువు సముద్రాన్ని బట్టి. నెమ్మదిగా ఉంటే అర ఔన్సు, మామూలు అలలకు ముప్పావు, ఎదురుగాలికి ఒక ఔన్సు. ఎర అప్పుడప్పుడూ అడుగు ఇసుకను తాకుతున్నట్టు చేతికి తెలియాలి. అసలు తెలియకపోతే బరువు చాలలేదు. ప్రతిసారీ ఇసుకలో కూరుకుంటుంటే ఎక్కువైంది.

విసిరేటప్పుడు రాడ్డు కొస నుంచి ఎర రెండు, రెండున్నర అడుగులు వేలాడాలి. వెనక మనుషుల్లేరని చూసుకుని, పైచేత్తో నెడుతూ కిందిచేత్తో కడుపు వైపు లాగాలి. కొరడా ఝళిపించినట్టు విసిరితే ఎర కొక్కెం మీద నుంచి ఊడి దానిదారిన అది పోతుంది. మొదట నిదానంగా, చివర్లో వేగంగా. ఎర నీళ్లను తాకగానే బెయిల్ (రీలు మీద దారాన్ని పట్టి ఉంచే తీగ) చేత్తో మూసి, దారం ఒకసారి బిగలాగి, అప్పుడే రీలు తిప్పాలి. బ్రెయిడ్ చిక్కుల్లో చాలావాటికి కారణం ఈ ఒక్క లాగుడు మరచిపోవడమే.

దూరం మీద మోజు వద్దు. నీటి కింది ఇసుకదిబ్బకూ ఒడ్డుకూ మధ్య లోతైన కాలువలా ఉంటుంది, చేప తరచూ అందులోనే తిరుగుతుంది. పోటు తగ్గినప్పుడు వెళ్లి ఆ కాలువలు, దిబ్బ తెగిన చోట్లు చూసి పెట్టుకుంటాను. తిన్నగా కాక ఏటవాలుగా విసిరితే ఎర కాలువలో ఎక్కువసేపు ఉంటుంది. అల ముందుకు తోస్తున్నప్పుడు దారం వదులు కాకుండా కాస్త జోరుగా తిప్పాలి. నీరు వెనక్కి గుంజుతుంటే రీలు ఆపేయండి, తోకను నీరే ఆడిస్తుంది. చివరి ఇరవై అడుగుల్లో తొందరపడి ఎర ఎత్తేయకండి, చేప నురగలోకి వచ్చి మరీ కొడుతుంది. కొట్టగానే గుంజకుండా, బరువు తెలిసేదాకా తిప్పి రాడ్డును పక్కకు లాగండి. ఒడ్డుకు తెచ్చేటప్పుడు అలతో పాటే లాగాలి, అల వెనక్కి వెళ్తుంటే దారం వదలాలి.

తోక కత్తిరించినట్టు తెగి వస్తే అది బ్లూఫిష్ అనే పదునైన పళ్ల చేపల పని. అవి పోయేదాకా లోహపు ఎరకు మారిపోతాను, ప్లాస్టిక్ వాటికి మేపడం డబ్బు దండగ.

న్యూజెర్సీలో సముద్రపు గాలానికి రుసుము లేదు, కానీ 16 ఏళ్లు నిండినవారు రాష్ట్ర రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవాలి. 2023లో స్ట్రైపర్ పై హద్దును 31 అంగుళాలకు తగ్గించారు. 28 అంగుళాల నుంచి ఆ లోపు పొడవున్నదే ఉంచుకోవాలి. నియమాలు మారుతుంటాయి, వెళ్లేముందు చూసుకోండి. వదిలేసే చేపలే ఎక్కువ కాబట్టి కొక్కెం ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తాను.

మిగిలిన ఎరలు వాటి కవర్లలోనే పెట్టండి. రకాలు కలిపితే కొన్ని ప్లాస్టిక్‌లు ఒకదానికొకటి అంటుకుని కరిగిపోతాయి. వంగిన తోకను వేడినీళ్లలో ఒక నిమిషం ముంచి, సరిచేసి, చన్నీళ్లలో వేస్తే మళ్లీ తిన్నగా అవుతుంది.