ఆరింటికి కాల్

ఇవాళ సాయంత్రం అరగంటసేపు ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఆఫీసులో ఒకావిడ 'కాల్ ఎట్ సిక్స్' అని మెసేజ్ పెట్టారు. ఆవిడే చేస్తారనుకున్నాను. ఆరున్నరకి ఇక ఆగలేక నేనే చేస్తే, "ఆరింటికి చెయ్యమన్నాను కదండీ" అన్నారు, కాస్త విసుగ్గా.

తప్పు ఆవిడదేనని ముందు తేల్చేసుకున్నాను. మెసేజ్ మళ్ళీ చదివితే అంత ధైర్యం మిగల్లేదు. ఇంగ్లీషులో 'చెయ్యి' అనడానికి ఉత్త క్రియ చాలు, కాబట్టి ఆవిడ అసలు ఏ మాటా మింగలేదు. అలాగని నాదీ పిచ్చి ఊహ కాదు. 'సీ యూ టుమారో' అంటే 'ఐ విల్' రెండూ ఎగిరిపోయినట్టేగా? ఇదీ అలాంటిదే అనుకున్నా. ఇంగ్లీషులో మామూలు వాక్యం మొదట్లో మాయమయ్యేది చాలాసార్లు 'నేను', ప్రశ్నలో అయితే 'నువ్వు'. 'వాంట్ సమ్?' అంటే ఎవర్ని అడిగారో వేరే చెప్పక్కర్లేదు.

మనకి ఈ బాధ లేదు. చేస్తాను, చెయ్యండి. ముందు మాట తీసేసినా మనిషెవరో క్రియ చివర్న ఉండనే ఉంటారు. ఇంగ్లీషు డైరీల్లోనూ 'ఐ' వదిలేసి 'వోక్ అప్ లేట్' అని రాసుకుంటారు. డైరీ కాబట్టి సరిపోయింది, ఆలస్యంగా లేచేది దాని ఓనరే.

రాత్రి మా అమ్మాయి గ్రామర్ పుస్తకం పట్టుకొచ్చింది. 'ఆర్ యూ రెడీ?' అనే ప్రశ్నకి 'యెస్, ఐమ్' అని రాసింది. తప్పు, 'ఐ యామ్' అని విడదీసి రాయాలన్నాను.

"మరి 'ఐమ్ రెడీ' కరెక్టేగా?"

కరెక్టే. వెనక 'రెడీ' ఉన్నంతసేపే 'యామ్' ముడుచుకుని కూర్చోవచ్చు. అది వెళ్ళిపోతే వాక్యం బరువంతా దీని మీదే పడుతుంది, ఇక కుదించడానికి లేదు. "'నో, ఐమ్ నాట్' మాత్రం రాయొచ్చు" అంటే, నేను అప్పటికప్పుడు కల్పిస్తున్నానన్నట్టు చూసింది.

"అదే తెలుగులో అయితే ఏమంటాం?"

"రెడీ."

"అంతేనా?"

అంతే. వాళ్ళు 'రెడీ' పారేసి 'యామ్' ఉంచుకుంటారు. మనకు రెడీ ఒక్కటే ఉంది, పారేయడానికి 'యామ్' ఎక్కడిది? 'తిన్నావా?' అంటే 'తిన్నా' అని మళ్ళీ క్రియే చెబుతాం. వాళ్ళు తినడం వదిలేసి 'ఐ హ్యావ్' అంటారు.

పడుకోబోతుంటే ఆవిడ దగ్గర్నుంచి ఇంకో మెసేజ్: 'సెండ్ ఫైల్ టుమారో'.

"ఎవరు పంపాలండీ?" అని తెలుగులోనే అడిగాను. ఇంకా జవాబు రాలేదు.