గొలుసు కొలత ముందు, టైరు కొలత తర్వాత

మూడు చలికాలాల కిందటి మాట. చీకటి పడ్డాక నేనూ మా తమ్ముడూ నా స్పోర్ట్స్ కారులో ఒక కనుమ ఎక్కుతున్నాం. సన్నగా మొదలైన మంచు ముప్పావు గంటలో రోడ్డు మీది గీతల్ని మింగేసింది. ఒక మలుపు దగ్గర నీలిరంగు గుండ్రటి బోర్డు, దాని మీద గొలుసు చుట్టిన చక్రం బొమ్మ. అక్కడి నుంచి, మంచులో జారకుండా చక్రాలకు చుట్టే గొలుసులు వేసుకున్న బండ్లే పైకి పోవాలి. నాకు కంగారేమీ పుట్టలేదు. డిక్కీలో కొత్త గొలుసులున్నాయి, పెట్టె మీద నా వెనక టైరు సైజు స్పష్టంగా అచ్చయి ఉంది.

తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని రెండు వెనక చక్రాలకూ వేశాను. నలభై నిమిషాలు పట్టింది. కారు పది మీటర్లు కదిలిందో లేదో, పక్కన నడుస్తున్న తమ్ముడు కేకేశాడు. "అక్కా, ఆపు! లోపల ఏదో కొట్టుకుంటోంది."

మంచులో పడుకుని చూశాను. టైరు లోపలి వైపు లంకెలు షాక్ అబ్జార్బర్ అడుగు భాగాన్ని గీస్తున్నాయి. ఆ పక్కనే పోయే ఎబిఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ వైరు తొడుగు అప్పటికే చెక్కుకుపోయింది. బ్రేకు గొట్టం అక్కడికి రెండు వేళ్ల దూరంలో ఉంది. గొలుసులు విప్పేసి, బండి వెనక్కి తిప్పి, మొదటి గేరులో మెల్లగా కిందికి దిగిపోయాం.

పెట్టె మీది సైజు అబద్ధం చెప్పలేదు. గొలుసు టైరుకు సరిగ్గానే సరిపోయింది. టైరు వెనక ఎంత సందుందో మాత్రం ఆ పెట్టెకు తెలియదు. స్పోర్ట్స్ కార్లలో ఆ సందే ఉండదు. వెనక టైర్లు వెడల్పు, రిమ్ములు పెద్దవి, బ్రేకు డిస్కులు ఇంకా పెద్దవి, బండి నేలకు దగ్గరగా కూర్చుంటుంది. మామూలు కార్ల గొలుసుల్లో లంకెలు టైరు మీద 12 మిల్లీమీటర్ల ఎత్తు తీసుకుంటాయి. ఇరుకు చోటు కోసం 9, 7 మిల్లీమీటర్లవి విడిగా చేస్తారు. నేను కొన్నది 12. ఇంటికొచ్చాక మాన్యువల్ తీస్తే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 20 అంగుళాల చక్రాలకు గొలుసులు అసలు వేయకూడదనీ, 18 అంగుళాలకైతే సన్నవి మాత్రమే వేయవచ్చనీ చక్రాల పట్టిక కింద రెండు వాక్యాల్లో రాసి ఉంది. కారు కొన్న రోజు నుంచీ అది గ్లోవ్ బాక్సులోనే ఉంది.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెప్తాను. గొలుసుతో మొదలుపెట్టండి. మీ కారుకు ఏ గొలుసు, ఏ ఇరుసు మీద, ఎన్ని అంగుళాల చక్రం మీద వేయవచ్చో మాన్యువల్‌లో చూసి, ఆ చక్రం కొని, ఆ చక్రానికి టైరు కొనండి. టైరు ముందు కొంటే గొలుసుకు దారి మూసుకుపోవచ్చు.

నా లెక్క ఇలా కుదిరింది. వెనక 265/35 ఆర్20 బదులు 265/45 ఆర్18. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో రబ్బరు ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు. పాత టైరు మొత్తం ఎత్తు దాదాపు 694 మిల్లీమీటర్లు, కొత్తది 696. బయటి కొలత దాదాపు అదే, స్పీడోమీటరు పక్కదారి పట్టదు. కానీ రిమ్ముకూ నేలకూ మధ్య రబ్బరు ఎత్తు 93 నుంచి 119కి పెరిగింది. మంచు కింద దాగిన గుంటలో పడ్డప్పుడు రిమ్మును కాపాడేది ఆ అదనపు 26 మిల్లీమీటర్లే. చిన్న రిమ్ము తీసుకునే ముందు అది బ్రేకు కాలిపర్‌కు (డిస్కును పట్టి నొక్కే భాగానికి) తగలకుండా తిరుగుతుందో లేదో తప్పక చూడాలి. పెద్ద సిరామిక్ బ్రేకులున్న కార్లకు చాలాసార్లు చిన్న చక్రం ఎక్కదు. ఇంజన్ నాలుగు చక్రాలనూ తిప్పే కారైతే ముందూ వెనకా టైర్ల చుట్టుకొలతల మధ్య ఫ్యాక్టరీ పెట్టిన నిష్పత్తి చెడకూడదు. చెడితే మధ్యలో శక్తిని పంచే క్లచ్ ఊరికే వేడెక్కుతుంది.

ఇక టైరు. వేసవి స్పోర్ట్స్ టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీల కింద గట్టిపడటం మొదలుపెడుతుంది. చలికాలపు టైరులో సిలికా, సహజ రబ్బరు ఎక్కువగా ఉంటాయి, అది ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. నేలకు ఆనే దాని ట్రెడ్ మీద బ్లేడుతో కోసినట్టు వందల సన్నని చీలికలుంటాయి. అవి విచ్చుకుని మంచును పట్టుకుంటాయి. మంచు టైరుకు అంటుకోవడం మంచిదే, ఎందుకంటే మంచుకు మంచు మీదే పట్టు దొరుకుతుంది. ట్రాక్ కోసం చేసిన టైర్లున్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. గడ్డకట్టే చలిలో వాటిని నడిపినా, ఆ చలిలో రిమ్ము మీదికి ఎక్కించినా రబ్బరు పగలవచ్చు. ఆ హెచ్చరిక తయారీదారులే రాసి ఇస్తారు. అవి వేసిన కారును చలికాలంలో గ్యారేజీలోంచి తీయకపోవడమే మేలు.

కొనేటప్పుడు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పువ్వు ఉన్న గుర్తు చూడండి. మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకే అది వస్తుంది. ఎం+ఎస్ (బురద, మంచు అని అర్థం) అనే అక్షరాలకు అలాంటి పరీక్ష అవసరం లేదు. జర్మనీ 2024 అక్టోబర్ 1 నుంచి, ఫ్రాన్స్ తన కొండ ప్రాంతాల నిబంధనలో 2024 నవంబర్ 1 నుంచి, ఎం+ఎస్ ఒక్కటే ఉన్న టైర్లను చలికాలపు టైర్లుగా లెక్కపెట్టడం మానేశాయి. పోర్షె కార్లకు ఎన్, బిఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ లాంటి, ఆ కారు కంపెనీ ఒప్పుకుందని చెప్పే గుర్తులున్న చలికాలపు టైర్లు దొరుకుతాయి. దొరికితే అవే తీసుకోండి. వేగం రేటింగ్ సాధారణంగా వేసవి టైర్ల కంటే తక్కువే ఉంటుంది, వి అంటే గంటకు 240 కిలోమీటర్లు, హెచ్ అంటే 210. కారు గరిష్ఠ వేగం అంతకు మించితే డ్రైవరుకు కనబడేలా ఆ పరిమితి స్టిక్కరు అంటించాలని జర్మనీ లాంటి చోట్ల నిబంధన. బరువు మోసే ఇండెక్సులో మాత్రం రాజీ పడకండి. నాలుగూ ఒకేసారి మార్చండి. వెనక రెండే మార్చి ముందు వేసవి టైర్లు ఉంచితే కారు కదులుతుంది, తిరగదు, ఆగదు.

చక్రాలు నేనే మారుస్తాను. అందులో ఎక్కువ సమయం పట్టేది శుభ్రం చేయడమే. చక్రం కూర్చునే హబ్బు మీది తుప్పును తీగ బ్రష్‌తో గోకి తుడవకపోతే చక్రం వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది, గంటకు వంద దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. జాక్ పెట్టే చోటు కంపెనీ చూపిన చోటే, మధ్యలో రబ్బరు దిమ్మ తప్పనిసరి. కింది అంచులు ఇంత పల్చగా ఉండే బండిని వేరే చోట ఎత్తితే నొక్కుకుపోతుంది. సిరామిక్ డిస్కులున్నవాళ్లు బోల్టు రంధ్రంలోకి బిగించే పొడవాటి గైడ్ పిన్నులు వాడాలి. చక్రం ఆ పిన్ను మీద జారి బయటికొస్తుంది, డిస్కు అంచుకు తగలదు. ఆ డిస్కు అంచు పెచ్చూడితే డిస్కు మార్చాల్సిందే. రెండో సెట్ రిమ్ములకు బోల్టులు కూడా చూసుకోండి. కొన్నింటి కూర్చునే చోటు గుండ్రం, కొన్నింటిది శంకువు. ఒకదాని బోల్టు ఇంకోదాంట్లో బిగుస్తుంది, కానీ నిలవదు. చేత్తో తిప్పి పట్టించి, ఎదురెదురుగా బిగించి, చివర టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) మాన్యువల్ చెప్పిన అంకెకు తేవాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి. చక్రానికి ఒకే పెద్ద నట్టు ఉండే పోర్షెల్లో ఆ బిగింపు 600 న్యూటన్ మీటర్లు, దాన్ని వర్క్‌షాపుకే వదిలేయండి.

ఒక సంవత్సరం టైర్లు రిమ్ముకు ఎక్కించడానికి ఇచ్చిన చోట ఒకదాన్ని తిరగేసి ఎక్కించారు. సైడ్‌వాల్ మీది బాణం వెనక్కి చూస్తోంది. ఇంట్లో చక్రం బిగించబోతూ చూశాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి డబ్బు కట్టేముందే నాలుగు బాణాలూ చూస్తాను. కొత్త టైర్ల మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పూత ఉంటుంది, మొదటి 200, 300 కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలి.

గాలి విషయంలో ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఒత్తిడి సుమారు 0.1 బార్ తగ్గుతుంది. వెచ్చటి గ్యారేజీలో 20 డిగ్రీల దగ్గర నింపి, బయట మైనస్ 10లోకి తీసుకెళ్తే 0.3 పోయినట్టే. రాత్రంతా బయట నిలిపి, పొద్దున్నే కదలకముందు కొలవండి.

మళ్లీ గొలుసుల దగ్గరికి. 1904లో అమెరికాలో హ్యారీ వీడ్ అనే ఆయన వీటికి పేటెంట్ తీసుకున్నాడు. బురదలో, మంచులో దిగబడకుండా డ్రైవర్లు టైర్లకు తాళ్లు, తీగలు చుట్టుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. నూట ఇరవై ఏళ్లు దాటినా పని అదే. వేసే ముందు గొలుసును నేల మీద పరచి మెలికలు విప్పండి, పదునైన అంచులు టైరు వైపు రాకూడదు. లోపలి తీగ వలయాన్ని టైరు వెనక నుంచి చుట్టి పైన కలపాలి. దాన్ని లోపలికి బాగా నెట్టాక బయటి కొక్కెం తగిలించి, బిగింపు గొలుసు లాగి కట్టాలి. తర్వాత వంద మీటర్లలోపే ఆగి మళ్లీ లాగాలి, అప్పటికి తప్పకుండా వదులవుతుంది. నేను ఆగినప్పుడల్లా పడుకుని లోపలి వైపు టార్చి వేసి చూస్తాను. వేగం 50 దాటకూడదు. మంచులోంచి కదలనప్పుడు, చక్రాలు ఊరికే జారి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్ గొంతు నొక్కేస్తుంది, మాన్యువల్ ఒప్పుకుంటే కదిలేంతవరకు దాన్ని తీసేసి వెంటనే మళ్లీ పెట్టండి. స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు కూడా పక్కకు తిరిగే కొన్ని కార్లలో గొలుసుల కోసం ప్రత్యేక మోడ్ ఉంటుంది, అది ఆ తిరుగుడును తగ్గిస్తుంది.

నాకు బాగా భయం నేర్పింది దిగుడు. గొలుసులు వెనక మాత్రమే ఉంటాయి, ముందు చక్రాలకు టైరు పట్టు తప్ప ఇంకేమీ లేదు. పైకి కారు ట్రాక్టర్‌లా ఎక్కేస్తుంది, ఆ ధీమాతో కిందికి అదే వేగంతో వస్తే మలుపులో ముక్కు తిన్నగా పోతుంది. ఎక్కినదానికంటే మెల్లగా దిగాలి.

మాన్యువల్ గొలుసు ససేమిరా వద్దంటే రెండు దారులున్నాయి. టైరుకు తొడిగే గుడ్డ తొడుగులు ఒకటి, లోపల దాదాపు చోటే అడగవు, కానీ తారు మీద నడిపితే త్వరగా చిరుగుతాయి. ఈఎన్ 16662-1 అనే యూరప్ ప్రమాణం ఉన్నవి కొనండి, మీరు పోయే చోట వాటిని ఒప్పుకుంటారో లేదో ముందే చూసుకోండి. రెండోది చక్రం బయటి నుంచి, బోల్టుల దగ్గర తగిలించే రకం. దాని లోపల తీగ వలయమే ఉండదు. ఇదైనా మీ చక్రం మీద వేసి, చేత్తో తిప్పి చూడాల్సిందే.

వాడిన ప్రతిసారీ గొలుసుల్ని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె పట్టిస్తాను. రోడ్డు మీది ఉప్పు ఇనుమును త్వరగా తినేస్తుంది. లంకె మందం సగానికి అరిగితే పారేయాలి. రిమ్ములకూ ఉప్పుతో అదే బాధ. లేతుమీద తిప్పి మెరుపు తెచ్చిన రిమ్ముల మీద చిన్న గీత పడితే చాలు, పూత కింద తుప్పు తెల్లటి పురుగులా పాకుతుంది. చలికాలానికి పూర్తిగా రంగు వేసిన రిమ్ములే తీసుకున్నాను. ట్రెడ్ 4 మిల్లీమీటర్ల కిందికి వస్తే మంచు మీద ఆ టైరును నమ్మను. ఎండలొచ్చాక నాలుగింటినీ కడిగి, ఏది ఎటు వైపుదో సుద్దముక్కతో రాసి, చల్లటి చీకటి మూల రిమ్ములతోనే ఒకదాని మీద ఒకటి పడుకోబెడతాను. మోటార్ల దగ్గర పెట్టను, వాటినుంచి వచ్చే ఓజోన్ రబ్బరును చీలుస్తుంది.

పోయిన ఏడాది అదే కనుమ, అదే బోర్డు. 18 అంగుళాల చక్రాలు, 9 మిల్లీమీటర్ల గొలుసు, రెండు చక్రాలకూ కలిపి పదకొండు నిమిషాలు. వంద మీటర్ల తర్వాత పడుకుని చూస్తే లంకెకూ షాక్ అబ్జార్బర్‌కూ మధ్య నా వేలు హాయిగా దూరింది. ఈ ఆదివారం పొడి నేల మీద ఒకసారి వేసి విప్పుతాను. వాచీ పట్టుకుని కూర్చుంటానన్నాడు తమ్ముడు.