కొండను చెక్కితేనే జనం వస్తారా?

"ఇక్కడా రాయి తొలిచారు కదమ్మా, మరి మౌంట్ రష్‌మోర్ అంటే నీకెందుకంత కోపం?" రాతిలో తొలిచిన గుళ్లున్న భైరవకోనలో మా అమ్మాయి అడిగిన మాట ఇది. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. మౌంట్ రష్‌మోర్ కొండకు చెక్కిన నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలు చూసి మురిసిపోయింది. పుట్టిన దేశాన్ని దాని ముందు చులకన చేయడం నాకిష్టం లేదు. అలాగని తెలిసింది దాచనూలేను.

అందుకే అంతా చెప్పాను. ఆ కొండ ఉన్న సౌత్ డకోటా రాష్ట్రానికి పర్యాటకుల్ని రప్పించాలనే 1923లో అక్కడి చరిత్రకారుడు డోన్ రాబిన్‌సన్ ఈ ఆలోచన తెచ్చాడు. 1927 నుంచి 1941 దాకా పని సాగింది. ఒక్కో ముఖం 60 అడుగులు. ఉలితో చెక్కింది తక్కువ, డైనమైట్‌తో పేల్చిందే ఎక్కువ. ఆ రాళ్లు ఇప్పటికీ ముఖాల కింద గుట్టగా పడి ఉన్నాయి. అది ఉన్న బ్లాక్ హిల్స్ కొండలు అక్కడి ఆదివాసులైన లకోటా ప్రజలకు పవిత్రం. అవి వాళ్లవేనని అమెరికా ప్రభుత్వం 1868లో ఒప్పందం రాసిచ్చి, బంగారం బయటపడ్డాక లాక్కుంది. 1980లో సుప్రీంకోర్టు 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారు చేస్తే, కొండలే కావాలని లకోటాలు ఆ డబ్బు ముట్టుకోలేదు. ఏటా లక్షలమంది వచ్చి చూసినా, ఆ పని న్యాయమైపోదు.

భైరవకోన సంగతి వేరు. ఏటివార రాతిలో ఎనిమిది చిన్న గుళ్లు తొలిచారు. దగ్గరికి పోతేగానీ కనపడవు. ఆ చోటుకు మొక్కేవాళ్ల కోసం తొలిచినవి, నేటికీ అక్కడ దీపం వెలుగుతోంది. వానలు పడితే పక్కనే జలపాతం దూకుతుంది.

"మరి దారిలో చూసిన చీమకుర్తి గ్రానైట్ గుంతల సంగతేంటి?" అంది. అక్కడి బంగారు చుక్కల నల్లరాయి అమెరికా వంటిళ్లలో వంటగట్ల మీద పరిచే రాయిగా దానికి బాగా తెలుసు. ఈసారి మా నాయన అందుకున్నాడు: "అవి వేలమందికి అన్నం పెట్టే గుంతలు తల్లీ. అయినా తవ్విన రాయి మళ్లీ మొలవదు." ఇల్లు గడవడానికి తవ్వే చోటే నష్టం ఇంత ఉంటే, ఫొటోల కోసం కొండ తల పేల్చడాన్ని నేనెలా ఒప్పుకోను?

భైరవకోనకు ఇంకా జనం రావాలని నాకూ ఉంది. దానికి పెద్ద విగ్రహం అక్కర్లేదు. గుంతల్లేని రోడ్డు, శుభ్రమైన మరుగుదొడ్లు, ప్లాస్టిక్ ఏరే ఏర్పాటు, ఆ గుళ్ల కథ చెప్పే స్థానిక కుర్రాళ్లకు జీతం. ముందు ఇవి పెట్టమనండి.