ఇంటి కాగితాలు, ఇద్దరు ప్లీడర్లు
విజయనగరం తోటపాలెంలో ఒక పాత డాబా ఇల్లు కొనాలనుకున్నప్పుడు, కాగితాలు చూడటానికి మధ్యవర్తి తనకు తెలిసిన ప్లీడరు గారినే చూపించి, ఫీజు కూడా అమ్మకందారే ఇచ్చుకుంటారని చెప్పారు. అమ్మేవారి డబ్బు తీసుకునే మనిషి కొనేవాడి మేలు ఎంతవరకు చూస్తాడన్న అనుమానం నాకు రాలేదు. మావయ్య గారికి వచ్చింది. ఆ ప్లీడరు గారు పదమూడేళ్ల ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం) తిరగేసి, అప్పులేమీ లేవు కనుక అడ్వాన్సు ఇచ్చేయవచ్చని ఒక్క పూటలో తేల్చేశారు.

మావయ్య గారి మాట మీద, సివిల్ కోర్టులో ఆస్తి దావాలే ఎక్కువగా చూసే మరొక న్యాయవాదిని కలిశాను. ఫీజు ఎంతో ముందే చెప్పిన ఆవిడ, ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే 30 ఏళ్ల పాత (లింకు) దస్తావేజులతో పాటు అమ్మకందారు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా తెమ్మన్నారు. రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో కనిపిస్తాయి తప్ప, రిజిస్టరు కాని వీలునామా గానీ, నోటిమాటగా జరిగిన పంపకం గానీ అందులో ఉండవట. ఆ ఇల్లు తాతల నాటిది. అమ్మకందారుకు ఇద్దరు అక్కలు. హిందూ వారసత్వ చట్టాన్ని 1986లో మన రాష్ట్రం, 2005లో కేంద్రం సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ హక్కు కల్పించినందున, వారి సంతకాలు లేకుండా రాయించుకుంటే రేపు వాటా దావా తప్పకపోవచ్చని కాగితం మీదే రాసి ఇచ్చారు. ఇంటి సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో (22ఏ నిషేధిత జాబితా) లేదని కూడా సరిచూశారు.

పెద్దక్క గారు పలాస నుంచి వచ్చి సంతకం చేసేవరకు మూడు వారాలు ఆగాను. మధ్యవర్తి మాత్రం నాతో ఇప్పటికీ ముభావంగానే ఉంటున్నారు.