వైవా అయిపోయింది కదా అన్నా

"ఇది మిర్చిలో తేమ కొలుస్తదన్నా" అన్నాడు ఆ పిల్లగాడు, కాజీపేట స్టేషన్‌లో బ్యాగు సర్దుకుంటూ. ఫైనలియర్ ప్రాజెక్టుకు చేసిన చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద టేప్‌తో అంటించిన రోల్ నంబర్. ఇంజనీరింగ్ అయిపోయింది, బెంగళూరులో ఉద్యోగమట.

"ఎనుమాముల మిర్చి మార్కెట్‌లో చూపించావా?" అంటే "లేదన్నా, వైవా అయిపోయింది కదా" అన్నాడు. వైవా అంటే ప్రాజెక్టు మీద మాస్టార్లు పెట్టే నోటి పరీక్ష.

పొద్దుటి నుంచి ఆ మాటే మనసులో మెదులుతోంది.

దేశంలో మొట్టమొదటి ఆర్ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్) మన వరంగల్‌దే. 1959లో నెహ్రూ వచ్చి పునాదిరాయి వేశాడు. 1976లో కాకతీయ యూనివర్సిటీ, మన కేయూ. మడికొండలో ఐటీ కంపెనీలు సైయెంట్, టెక్ మహీంద్రాల సెంటర్లు మొదలైంది మాత్రం 2020లో. మధ్యలో ఎన్ని బ్యాచ్‌లు రైలెక్కి ఉంటాయో!

ఖరగ్‌పూర్‌దీ ఇదే కథ. పెద్ద రైల్వే జంక్షన్, 1951 నుంచీ ఐఐటీ. అయినా అది టెక్నాలజీ సిటీ కాలేదు.

అమెరికాలో, ఇప్పటి సిలికాన్ వ్యాలీలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో టర్మన్ అనే ప్రొఫెసర్ తన శిష్యులు హ్యూలెట్, ప్యాకార్డ్‌ల వెన్నుతట్టి 1939లో కంపెనీ పెట్టించాడు. 1951లో యూనివర్సిటీ తన సొంత భూమినే కంపెనీలకు లీజుకిచ్చింది. డిగ్రీ చేతికిచ్చి పంపేయలేదు, నిలబడేదాకా వెంట ఉంది. నాకు కనిపించే తేడా అదే. యూనివర్సిటీ ఊరిని పెంచగలదు, కానీ గేటు దాటి బయటికి రావాలి. ఊరు కూడా మొదటి ఆర్డర్ ఇవ్వాలి.

నిట్‌లో, కేయూలో పాఠాలు చెప్పే మిత్రులారా, ఫైనలియర్ ప్రాజెక్టులకు ఎంజీఎం ఆసుపత్రి అవసరాలో, మన రైతుల ఇబ్బందులో ఇవ్వలేమా? నిజంగా అడుగుతున్నా, చెప్పండి.