బూజు గింజ బాతుకు విషం

ఎదిగిన బాతుకు రోజుకు సుమారు 150 గ్రాముల దాణా కావాలి. చిరుతిండి అందులో పదో వంతు దాటనివ్వకండి: సన్నగా తరిగిన తోటకూర, అజొల్లా (నీటిపై తేలే చిన్న మొక్క), పచ్చి బఠానీలు. బ్రెడ్డు కడుపు నింపుతుంది, బలమివ్వదు. అవకాడో అసలు వద్దు.

అన్నిటికన్నా భయపడాల్సింది బూజుకి. తడి తగిలిన మొక్కజొన్నలో, వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పుడుతుంది. కోడి తట్టుకునే మోతాదుకే బాతు కాలేయం దెబ్బతింటుంది. గింజ విరిచి చూడండి. లోపల పచ్చటి పొడి కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా పారేయాల్సిందే. ఎండబెట్టినా ఉడికించినా ఆ విషం పోదు.

కోడిపిల్లల దాణా మీదే పెరిగే బాతుపిల్లలకు నియాసిన్ (బి3 విటమిన్) చాలక కాళ్లు వంకరపోతాయి, పాపం. నియాసిన్ ఉండే బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్ పొడి) దాణాలో కలపండి.

మేత పక్కనే ముక్కురంధ్రాలు మునిగేంత లోతు నీళ్లుండాలి. లేదంటే పొడి దాణా గొంతులో అడ్డుపడుతుంది.