బెలితుంగ్ తీరాన సంపూర్ణ గ్రహణం

2016 మార్చి 9 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం విశాఖపట్నంలో పాక్షికంగానే, అదీ సూర్యోదయమయ్యాక కాసేపు మాత్రమే కనిపిస్తుందని తెలిసి, చంద్రుని నీడ నేరుగా పడే ఇండొనేషియాకే వెళ్లాలని మేము నిశ్చయించుకున్నాం. సుమత్రాకూ బోర్నియోకూ నడుమ ఉన్న బెలితుంగ్ ద్వీపాన్ని ఎంచుకున్నాం. సింగపూర్, జకార్తాల మీదుగా సాగిన ప్రయాణంలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు.

మాలో పెద్దవారు, భౌతికశాస్త్రం బోధించి విరమణ పొందిన మా మాస్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణపు నీడ హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా సాగి పూరీ వైపు వెళ్లిన రోజున ఆయన విశాఖలోనే ఉన్నారు. చూపు పోతుందన్న భయంతో ఇంట్లోవాళ్లు ఆయనను గడప దాటనివ్వలేదట. మేము బస చేసిన ఇంటి యజమానీ అలాంటి కథే చెప్పారు. 1983 జూన్ 11న జావాలో గ్రహణం పట్టినప్పుడు బయటికి రావద్దని ప్రభుత్వమే హెచ్చరించడంతో జనం ఇళ్లలో కూర్చుని టెలివిజన్‌లో చూశారట. 1868లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గ్రహణం కోసం గుంటూరు దాకా వచ్చి సూర్యజ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడని, మనం మాత్రం నూరేళ్లు దాటాక కూడా తలుపులు బిగించుకున్నామని మాస్టారు నొచ్చుకున్నారు.

ఆ భయంలో నిజం లేకపోలేదు. గ్రహణవేళ సూర్యుడు కొత్తగా ఏ విషకిరణాలనూ వెదజల్లడు గాని, బింబం చాలావరకు మరుగుపడ్డాక వెలుగు తగ్గినట్టనిపించి సూటిగా చూడాలన్న ధైర్యం వస్తుంది. మిగిలిన సన్నని అంచు మాత్రం మునుపటి తీవ్రతతోనే కంటి లోపలి పొరైన రెటీనాను గాయపరుస్తుంది. రెటీనాకు నొప్పి తెలియదు కనుక హాని జరిగిన సంగతి గంటల తరువాత గాని బయటపడకపోవచ్చు. అందుకే సూర్యుణ్ణి నేరుగా చూసే ఫిల్టర్లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 12312-2కు సరిపోయే కళ్లద్దాలు, 14వ నంబరు వెల్డింగ్ అద్దం తీసుకెళ్లాం. మన వీధుల్లో తరచూ కనిపించే మసి గాజు, ఎక్స్‌రే ఫిల్ము ముక్క నమ్మదగినవి కావు. గ్రహణపు కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్లలోంచి చూడడం మరీ ప్రమాదమని, ఫిల్టరును వాటి ముందు కటకాలకే బిగించాలని మాస్టారు ముందురోజు రాత్రే పదేపదే హెచ్చరించారు.

తెల్లవారకముందే తంజుంగ్ కెలాయాంగ్ తీరానికి చేరుకున్నాం. పల్చని మబ్బు కొంత కలవరపెట్టినా గ్రహణం మొదలయ్యే స్పర్శ కాలానికి విచ్చుకుంది. గంటసేపు బింబం క్షీణిస్తుండగా ఇసుక రంగు సీసపు బూడిదకు తిరిగింది, గాలి చల్లబడింది. బింబం పూర్తిగా మరుగుపడే నిమీలనం, తిరిగి బయటపడడం మొదలయ్యే ఉన్మీలనం అని పంచాంగాల్లో వేసే సమయాల మధ్య మాత్రమే కళ్లద్దాలు తీయవచ్చు గనుక అందరం మాస్టారి మాట కోసం కాచుకున్నాం. ఉదయం 7.22 ప్రాంతంలో చివరి మెరుపు ఆరిపోగానే ఆయన "ఇప్పుడు తీయండి" అన్నారు. నల్లని బింబం చుట్టూ ముత్యపు తెలుపులో సూర్యుని బయటి వాతావరణమైన కరోనా, దానికి కాస్త పైన శుక్రుడు, దిగంతమంతటా నారింజ రంగు అంచు. ఏ ఛాయాచిత్రంలోనూ కరోనా అంత సుతారంగా నేను చూడలేదు. కెమెరా జోలికి పోకపోవడమే మేలైంది. రెండు నిమిషాలు దాటీ దాటకముందే మరో అంచున సూర్యుని తొలి వెలుగు వజ్రంలా పొడిచింది, వెంటనే కళ్లద్దాలు మళ్లీ ఎక్కాయి.

ఇక చూసేదేముందని చాలామంది తీరం విడిచి వెళ్తున్నారు. అప్పటికి విశాఖలో ఇంకా సూర్యుడు ఉదయించలేదు. బీచ్ రోడ్డులో ఎదురుచూస్తున్న తమ్ముడికి ఫోన్ చేసి, ఎర్రగా మెత్తగా కనబడుతున్నాడు కదా అని ఉదయభానుణ్ణి వట్టి కళ్లతో చూడవద్దని, నేను ఇచ్చివచ్చిన కళ్లద్దాలు అమ్మకు కూడా పెట్టమని చెప్పాను. అమ్మ ఫోన్ అందుకుని, చూస్తే చూశారు గాని విడుపు స్నానం మాత్రం మానవద్దంది. ఎనిమిదిన్నర దాటి గ్రహణం పూర్తిగా విడిచి మోక్షమయ్యే దాకా మాస్టారు కుర్చీ కదలలేదు. ఆ తరువాత అందరం సముద్రంలోకి దిగాం.